లోపలి బోర్డు మీద 417

జూన్ 6

పెద్దమ్మా,

మొన్న ఫోన్లో పది నిమిషాలు గొంతు చించుకుని అరిచాను. అంతా అయ్యాక నువ్వు "సరేలే, తర్వాత తీరిగ్గా మాట్లాడదాం" అని పెట్టేశావు. నీ చెవులతో ఇక లాభం లేదని కాగితాలూ కవర్లూ కొనుక్కొచ్చాను. తప్పులు దిద్ది వెనక్కి పంపకు, ముందే చెబుతున్నా.

గది దొరికింది. మూడో అంతస్తు. మంచం, బల్ల, నేను పడతాం. ఇంకెవరైనా వస్తే ఒకరం మెట్ల మీద నిలబడాలి. ఉద్యోగం బాగానే ఉంది. రంగుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో రోజంతా గుడ్డముక్కలు నీళ్ళలో ముంచి, రంగు దిగుతోందా లేదా అని చూడటమే. ఈ వారం నా వేళ్ళు నీలం. పోయిన వారం బస్సులో ఒకావిడ నా ఎర్రటి చేతులు చూసి, లేచి వేరే సీట్లోకి వెళ్ళిపోయింది.

అసలు సంగతికొస్తాను. కిటికీ తెరిస్తే ఎదురుగా పెద్ద పొగగొట్టం ఒకటి కనిపిస్తుంది. అది తాతయ్య పనిచేసిన స్పిన్నింగ్ మిల్లుదేనట. మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది, షెడ్లన్నీ కూల్చేశారు. గేటూ, గేటు పక్కన ఆఫీసు గదీ మిగిలాయి. ఆ గదిలో ఒక ముసలి గుమాస్తా గారు పాత రిజిస్టర్లన్నీ పేర్చుకుని కూర్చుంటారు. చదవాలంటే ఒకదాని మీద ఒకటి రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుంటారు. తాతయ్య పేరు చెబితే, "పేరుతో పని జరగదమ్మా, నంబరు కావాలి" అన్నారు.

అమ్మ పోయే ముందు వారం, "మా నాన్న మొహం ఎలా ఉండేదో ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదే" అంది. రెండేళ్ళయినా ఆ మాట నన్ను వదలట్లేదు. తాను పుట్టేసరికే ఆయన మనల్ని వదిలేశాడని తప్ప అమ్మకి ఏమీ తెలియదు. నువ్వేమో ఆ మాట ఎత్తనివ్వవు. ఇప్పుడు ఎత్తుతున్నాను. తిట్టాలనుంటే తిట్టు, కానీ నంబరు మాత్రం రాయి.

నీ
గడుగ్గాయి


జూన్ 15

ఒసేయ్ గడుగ్గాయ్,

ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. దిద్దలేదు, లెక్కపెట్టానంతే. ముప్పయ్యేళ్ళు లెక్కల టీచరుగా చేసినదాన్ని, ఊరికే ఉండమంటే ఎలా?

నీ ఉత్తరం మీ పెదనాన్న నాకంటే ముందే చదివేసి, "ఇప్పుడెందుకు ఇవన్నీ" అన్నారు. ఆయనకి పేపర్లో గళ్ళనుడికట్టు తప్ప వేరే ప్రశ్నలేవీ గిట్టవు. నేనూ అదే జవాబు రాద్దామనుకున్నాను. నాలుగు రోజులు పెన్ను ముట్టుకోలేదు. ఐదో రోజు పొద్దున్నే లేచి ఇదిగో ఇలా కూర్చున్నాను.

నంబరు 417. నాకు వంద దాకా లెక్కపెట్టడం రాకముందే వచ్చిన అంకె అది. గేటు దగ్గర రెండు చెక్క బోర్డులుండేవి, బయట ఒకటి, లోపల ఒకటి. ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ. పనిలోకి వెళ్ళేటప్పుడు బయటి బోర్డు మీది బిళ్ళ తీసి లోపలి బోర్డుకి తగిలించాలి. పని దిగాక మళ్ళీ బయట తగిలించాలి. సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర నిలబడి బయటి బోర్డునే చూస్తుండేదాన్ని. 417 అక్కడికొచ్చిందంటే నాన్న వచ్చినట్టే. జుట్టు నిండా దూది. ఇంటికెళ్ళి గడప మీద కూర్చుంటే నేను వెనక నిలబడి ఒక్కొక్క పోగే ఏరేదాన్ని. ఆ పని నాది. అమ్మని కూడా చెయ్యి పెట్టనిచ్చేదాన్ని కాదు. ఆయన ఎడమ చిటికెన వేలు సగమే ఉండేది, మిగతా సగం మిషన్లో పోయింది. ఆ మొండి వేలితో నా చెవి వెనక గిలిగింతలు పెట్టేవాడు. ఇప్పటికీ తలదువ్వుకునేటప్పుడు అక్కడ చెయ్యి తగిలితే నాకు ఆయనే గుర్తొస్తాడు.

నాన్నకి ఒక స్నేహితుడుండేవాడు, తాడిచెట్టంత మనిషి. నిచ్చెన మామ అనేదాన్ని. అతనికి సొంత నంబరు లేదు. రోజూ గేటు దగ్గర నిలబడితే, ఎవరైనా రానప్పుడు వాళ్ళ బదులు లోపలికి పిలిచేవాళ్ళు. నన్ను భుజాల మీదికెత్తుకుని 417 బిళ్ళ ముట్టుకోనిచ్చేవాడు. ఆ సంబరంలో మిల్లువాళ్ళిచ్చిన మా గది తలుపు వెనక మేకుతో 417, 417 అని గీకి, అమ్మ చేత వీపు విమానం మోత మోగించుకున్నాను.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పురిటికని నన్ను తీసుకుని పుట్టింటికి వచ్చింది. మీ అమ్మ పుట్టింది. నాన్న రాలేదు. ఉత్తరాలకి జవాబు లేదు. నాలుగు నెలలు చూసి మా మేనమామ వెళ్ళాడు. గదికి తాళం వేసి ఉంది. గేటు దగ్గర అడిగితే లోపలి బోర్డు చూపించి, "అదిగో 417. రోజూ వస్తున్నాడు, లోపలే ఉన్నాడు" అన్నారట. మామయ్య మూడు రోజులు గేటు దగ్గర నిలబడ్డాడు. వందల మంది బయటికొచ్చారు, నాన్న మొహం మాత్రం కనబడలేదు. సాయంత్రానికి బిళ్ళ బయటి బోర్డు మీద ఉండేది. మామయ్య తిరిగొచ్చి, "మనల్ని చూసి తప్పుకుంటున్నాడక్కా" అన్నాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను, విన్నాను.

ఆ రోజు నుంచి అమ్మ ఆ పేరు పలకలేదు. నేను రాయలేదు. స్కూల్లోనూ ఉద్యోగంలోనూ తండ్రి పేరు అని ఉన్నచోట మేనమామ పేరు రాశాను. అరవై నాలుగేళ్ళయింది.

నాకు ఒక్కటే తెలియాలి. ఆ మూడు రోజులూ నాన్న లోపల ఉండి కూడా రాలేదా? మామయ్య ఒక్కడే వెళ్ళాడు కాబట్టి రాలేదేమో, నన్ను కూడా తీసుకెళ్ళి ఉంటే వచ్చేవాడేమో అని చిన్నప్పుడు తెగ అనుకునేదాన్ని. ఇప్పుడూ అనుకుంటాను, నీకు చెప్పడానికేం.

భోజనం వేళకి తిను. వేళ్ళు బాగా కడుక్కుని తిను.

పెద్దమ్మ


జూలై 2

పెద్దమ్మా,

417 దొరికింది!

గుమాస్తా గారూ నేనూ రెండు ఆదివారాలు దుమ్ము తిన్నాం. నీకు చెప్పకుండా దాచడం నావల్ల కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అమ్మ పుట్టిన ఏడాది హాజరు పట్టీలో తాతయ్యకి ఒక్క నాగా కూడా లేదు. ఆ తర్వాత ఇంకో ఇరవయ్యారేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. చేరినప్పుడు సంతకం పెట్టాడు, రిటైరైనప్పుడు వేలిముద్ర వేశాడు. వయసు మీదపడి చెయ్యి వణికిందేమో అన్నారు గుమాస్తా గారు.

ఇంకోటి. క్వార్టర్ల జాబితాలో అదే గది, తొమ్మిదో వరస నాలుగో నంబరు. కానీ కొన్నేళ్ళ తర్వాతి పేజీలో 417, భార్య, ఒక కూతురు అని ఉంది. ఆ కూతురు మీ ఇద్దరిలో ఎవరూ కాదు, వయసు సరిపోదు. అంటే తాతయ్యకి ఇక్కడ ఇంకో సంసారం ఉందన్నమాట. అమ్మకి ఒక చెల్లెలు ఉందని తెలిస్తే ఏమనేదో!

ఆవిడ ఉందేమో కనుక్కుంటాను. నీకు కోపమొస్తుందా?

గడుగ్గాయి


జూలై 11

నీ ఉత్తరం వచ్చింది.

కోపమొస్తుందా అని అడిగావు. రాదే, పండగ చేసుకుంటాను!

అదే గదిలోనట. ఆ తలుపు వెనకేనట. మామయ్య గేటు దగ్గర ఎండలో నిలబడితే లోపల కూర్చుని, తర్వాత హాయిగా ఇంకో పెళ్ళి చేసుకుని, ఇరవయ్యారేళ్ళు నిక్షేపంలా పనిచేశాడు. ఒక్క నాగా కూడా లేదు! మనిషి క్రమశిక్షణకి మెచ్చుకోవాలి.

మా అమ్మ ఊళ్ళోవాళ్ళ మాటలు పడి ఎలా నెట్టుకొచ్చిందో నాకు తెలుసు. ఆవిడ సంగతి అలా ఉంచు. నా ఏడుపు ఇంకొకటి, చెబితే నవ్వుతావు. డెబ్బై ఒక్కేళ్ళ ముసలిదాన్ని, మనవలున్నదాన్ని. ఆ పిల్ల రోజూ సాయంత్రం గడప మీద ఆయన వెనక నిలబడి తల్లో దూది ఏరి ఉంటుంది కదా. నిన్నటి నుంచి అదే కళ్ళ ముందు తిరుగుతోంది. అన్నం సయించలేదు.

ఇక చాలు. ఆ రిజిస్టర్లు మూసెయ్. ఆవిణ్ణి వెతకొద్దు, కలవొద్దు. ఇంత కచ్చితంగా నీకు ఇంతవరకూ ఏదీ చెప్పలేదు, ఇది చెబుతున్నాను.

పెద్దమ్మ


జూలై 12

పెద్దమ్మా,

నీ జవాబు ఇంకా రాలేదు కానీ ఆగలేక రాస్తున్నాను. 417 కూతురు ఈ ఊళ్ళోనే ఉంది! పాత మార్కెట్ వెనక సందులో కుట్టుమిషన్లు బాగుచేసే షాపు ఆవిడది. ఎల్లుండి సెలవు పెట్టి వెళ్తున్నాను. నువ్వు మౌనంగా ఉన్నావంటే సరేనన్నట్టే లెక్క. నీకైనా మనసులో చూడాలనే ఉంటుంది, నాకు తెలుసు.

ఫొటో ఉంటే అడిగి పంపిస్తాను. అమ్మ తరఫున కూడా చూస్తాను.

గడుగ్గాయి


జూలై 21

అమ్మాయికి,

నేను వద్దని రాశాక కూడా వెళ్ళావన్నమాట. పెద్దదానివయ్యావు, సంపాదించుకుంటున్నావు, నా మాట నీకెందుకు.

ఫొటో పంపొద్దు. పంపితే కవరు విప్పకుండా తిప్పి పంపిస్తాను. ఆవిడ దగ్గర నా పేరెత్తొద్దు.

మీ పెదనాన్న నీకు ఆశీస్సులు రాయమన్నారు. అవి ఆయనవి.


ఆగస్టు 3

పెద్దమ్మా,

ఇది చివరిదాకా చదువు. తర్వాత నన్ను ఏమన్నా పడతాను.

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. నువ్వు వద్దని రాసింది నేను వెళ్ళొచ్చిన మర్నాడు అందింది. అందిన వెంటనే రాయాల్సింది. కానీ అప్పటికే ఒక విషయం తెలిసింది, దాన్ని ఆసుపత్రి పుస్తకంలో నా కళ్ళతో చూడకుండా నీకు రాయకూడదనుకున్నాను. ఒకసారి తొందరపడి ఏం చేశానో చూశావుగా. అందుకే ఇన్ని రోజులు.

షాపు చిన్నది. నేలంతా విప్పదీసిన మిషన్లు, నూనె వాసన. ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళుంటాయి. స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని ఉంది. నేను 417 నంబరు గురించి అడిగాను. ఆవిడ లేచి వెళ్ళి షట్టరు సగం దించింది.

"మీరు వాళ్ళమ్మాయా?" అంది.

"మనవరాల్ని" అన్నాను.

"ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వస్తారని మా నాన్న చెప్పాడు. ఇంత ఆలస్యంగా వస్తారనుకోలేదమ్మా. కూర్చో."

గోడ మీద వాళ్ళ నాన్న ఫొటో ఉంది. ముసలాయన, గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పై కమ్మి తగలకుండా మెడ వంచుకుని. రెండు చేతులూ కర్ర మీద ఉన్నాయి. వేళ్ళు లెక్కపెట్టాను పెద్దమ్మా. పది. పదీ నిండుగా ఉన్నాయి. నీ మొదటి ఉత్తరంలోని సగం వేలు గుర్తొచ్చింది. ఆయన తాతయ్య కాదు. నీ నిచ్చెన మామ.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మీరు ఊరెళ్ళాక తాతయ్యకి ఛాతీ పట్టేసింది. దూది దుమ్ము. ఛాతీ జబ్బుతో ఆసుపత్రిలో చేరినవాళ్ళ పేరు మిల్లువాళ్ళు కొట్టేసేవాళ్ళట. పేరు పోతే గది పోతుంది. అందుకని ఇద్దరూ పేర్లు మార్చుకున్నారు. తాతయ్య నిచ్చెన మామ పేరు చెప్పి ఆసుపత్రిలో చేరాడు. నిచ్చెన మామ 417 బిళ్ళ పట్టుకుని పనిలోకి వెళ్ళాడు. "పేరు కొట్టేయనివ్వకు. వాళ్ళు పసిపాపతో తిరిగొచ్చేసరికి గది ఉండాలి" అన్నాడట తాతయ్య. నాలుగు రోజుల్లో లేచి వస్తాననుకున్నాడు.

గుమాస్తా గారిని అడిగితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "అలా చాలామంది చేసేవారమ్మా. గేటు దగ్గర మేం చూసేది బిళ్ళనే, మొహాన్ని కాదు" అన్నారు. తర్వాత కళ్ళజోళ్ళు రెండూ తీసి చాలాసేపు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఆసుపత్రి పుస్తకం మొన్న చూశాను. నిచ్చెన మామ పేరు, స్పిన్నింగ్ మిల్లు కూలీ, ఛాతీ జబ్బు. గుర్తులు అన్నచోట "ఎడమ చిటికెన వేలు సగం లేదు" అని ఉంది. చేరిన పదకొండో రోజున పోయాడు. అమ్మ పుట్టడానికి తొమ్మిది రోజుల ముందు.

నీ ప్రశ్నకి జవాబు ఇది. మామయ్య తాత గేటు దగ్గర నిలబడేసరికి తాతయ్య పోయి నాలుగు నెలలు దాటింది. ఆయన లోపల లేడు పెద్దమ్మా. మిమ్మల్ని చూసి తప్పుకోలేదు.

శ్మశానానికి నిచ్చెన మామ ఒక్కడే వెళ్ళాడట. నిజం చెబితే జైల్లో పెడతారని భయం. మామయ్య తాత అడుగుతున్నది ఎవరి గురించో విని కూడా, మూడు రోజులూ ఆయన పక్కనుంచే తల దించుకుని నడిచి వెళ్ళాడట. ఆ రాత్రుళ్ళు గదికి కూడా వెళ్ళలేదు. తర్వాత భయం తగ్గేసరికి సిగ్గు పట్టుకుంది.

ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది. "నా సర్టిఫికెట్లన్నిట్లో తండ్రి పేరు మీ తాతగారిదే. పెళ్ళి కాగితంలో కూడా. ఇప్పుడు ఆ పేరు తీసేసుకుంటారా?" నిన్ను అడిగి చెబుతానన్నాను.

ఇంకొకటి. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న తల్లో దూది ఏరబోతే ఏనాడూ ఏరనివ్వలేదట. "ఆ పని ఇంకో పిల్లది" అని తలుపు బయటికెళ్ళి తనే దులుపుకునేవాడట. ఆ పిల్ల ఎవరో తెలియక చాలా ఉడుక్కునేదాన్నని చెప్పి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

క్వార్టర్లు కూల్చేటప్పుడు ఆవిడ ఆ గది తలుపు అడిగి తెచ్చుకుంది. ఇప్పుడు అదే పనిబల్ల. మిషన్లు పక్కకి జరిపి చూపించింది. పదిహేడు చోట్ల ఉంది 417. మేకు బాగా లోతుగా దించావు, దెబ్బలు ఊరికే పడలేదులే.

మీరు రాసిన ఉత్తరాలు నాలుగూ ఆవిడ దగ్గరున్నాయి. నిచ్చెన మామకి చదువు రాదు, ఇంకొకరి చేత చదివించుకునే ధైర్యం లేదు. "ఇవి మనవి కావు, వాళ్ళు వస్తే ఇవ్వాలి" అని చెప్పి పోయాడు. ఎవరూ విప్పలేదు. ఒకదాని మీద పెద్ద పెద్ద వంకర అక్షరాలున్నాయి. అది ఈ కవర్లో పెడుతున్నాను. నేను కూడా విప్పలేదు.

నీ
గడుగ్గాయి


ఆగస్టు 14

గడుగ్గాయ్,

నీ మీద కోపం లేదు. ముందు అది రాసేస్తే నువ్వు ప్రశాంతంగా చదువుకుంటావు.

ఆ కవరు రెండు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. మూడో రోజు మీ పెదనాన్న ఏమీ అనకుండా కత్తెర తెచ్చి పక్కన పెట్టి బయటికెళ్ళిపోయారు. ఎన్నేళ్ళు కాపరం చేసినా ఆ మనిషిలో ఇంకా కొత్తవి కనబడుతుంటాయి.

అందులో ఉన్నది ఇది: "నాన్నా, చెల్లి పుట్టింది. ఊరికే ఏడుస్తుంది. నాకు వంద దాకా వచ్చు, తర్వాత 417 వచ్చు. నీ తల్లో దూది ఎవరు తీస్తున్నారు? ఎవరి చేతా తీయించుకోకు. నేనొచ్చి తీస్తాను."

ఐదు తప్పులున్నాయి. లెక్కపెడుతుంటే కళ్ళు మసకబారి రెండుసార్లు మొదటికొచ్చాను.

చచ్చిపోయిన మనిషి మీద అరవై నాలుగేళ్ళు అలిగానే. మా గది పోకూడదని పేరు మార్చుకుని, పక్కన ఒక్క మనిషి కూడా లేకుండా పోయాడు. నేనేమో ఆయన పేరు రాయడానికి నామోషీ పడ్డాను. మీ అమ్మకి ఈ మాట చెప్పలేకపోయాను, అదొకటి గుండెల్లో కోస్తోంది. చెబితే ఎంత సంతోషించేదో. నాన్న మనల్ని వదిలేయలేదే చెల్లీ అని మీ అమ్మ ఫొటో ముందు నిలబడి పైకే అన్నాను. మీ పెదనాన్న విన్నారో లేదో.

నిచ్చెన మామ మీద కోపం రావట్లేదా అంటే వస్తోంది. ఇరవయ్యారేళ్ళలో ఒక్క ముక్క ఎవరి చేతైనా రాయించలేకపోయాడా? మా అమ్మ తలెత్తుకుని తిరిగేది కదా. ఆ కోపం ఉంటుంది, పోదు. కానీ నన్ను భుజాల మీద ఎత్తుకున్నది కూడా ఆయనే. దూది సంగతి చదివాక ఇక ఆయన్ని తిట్టబోతే నోరు పెగలట్లేదు.

కుట్టుమిషన్లావిడతో చెప్పు. ఆ పేరు ఎవరూ తీసుకోరు. సొంత కూతుర్ని, నేను ఒక్క కాగితం మీద కూడా రాయలేదు. ఆవిడ అన్ని కాగితాల మీదా రాసింది. ఎవరో ఒకరు రాశారు కదా, అది చాలు. మా నాన్న పేరు రాసుకున్న మనిషి నాకు చెల్లెలు కాక ఇంకేమవుతుంది?

వచ్చే నెల పదో తారీకున నేనూ మీ పెదనాన్నా రైలెక్కుతున్నాం. మెట్లు ఎక్కగలనో లేదో, నీ గదిలో ఎవరు పడతారో నాకు తెలియదు, నువ్వే చూసుకో. ఆ 417 బిళ్ళ ఏమైందో ఆవిణ్ణి అడుగు. ఆవిడ దగ్గరే ఉంటే జాగ్రత్తగా పెట్టమను. గేటు మిగిలిందన్నావు, బోర్డులు కూడా ఉన్నాయేమో గుమాస్తా గారిని కనుక్కో. లేకపోతే ఒక మేకైనా కొట్టించి పెట్టమను. నువ్వూ నేనూ ఆవిడా, ముగ్గురం వెళ్ళి ఆ బిళ్ళ బయటి వైపు తగిలిద్దాం. చాలా ఏళ్ళ నుంచి లోపలే ఉండిపోయాడు.

కొక్కెం ఎత్తులో ఉంటుంది. ఇప్పుడు నన్ను ఎత్తుకునేవాళ్ళు లేరు. స్టూలు ఒకటి పట్టుకురా.

పెద్దమ్మ,
417 గారి పెద్దకూతురు